ఒక్క వారం నంబర్ వన్: క్వయట్ రయట్ ప్రయాణం

అందరికీ నమస్కారం.

గ్లామ్ మెటల్ రాక్ సంగీతం అనగానే చాలామందికి గుర్తొచ్చేది పొడుగు జుట్టు, మేకప్, మెరిసే బట్టలు. ఆ లెక్కన అమెరికా బ్యాండ్ క్వయట్ రయట్‌ని తీసిపారేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. 1983 నవంబర్ 26 నాటి బిల్‌బోర్డ్ చార్టులో, అంటే అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాల పట్టికలో, వాళ్ల ఆల్బమ్ 'మెటల్ హెల్త్' మొదటి స్థానంలో ఉంది. అమెరికాలో ఆ స్థానానికి ఎక్కిన తొలి హెవీ మెటల్ (హోరెత్తించే గిటార్లు, డ్రమ్స్ ఉండే రాక్) ఆల్బమ్‌గా దాన్నే చెబుతారు. 'ద పోలీస్' అనే రాక్ బ్యాండ్ ఆల్బమ్ 'సింక్రొనిసిటీ'ని అది పక్కకు జరిపింది. వారం తిరిగేసరికి గాయకుడు లయొనెల్ రిచీ ఆల్బమ్ ఆ చోట్లోకి వచ్చింది.

ఆ ఒక్క వారం వెనక పదేళ్లున్నాయి. 1973లో లాస్ ఏంజెలెస్‌లో ఈ బ్యాండ్ మొదలుపెట్టింది గిటారిస్టు రాండీ రోడ్స్, అతని స్నేహితుడు కెల్లీ గార్నీ. రాండీ వాళ్లమ్మ డెలోరెస్ మ్యూజిక్ స్కూల్ నడిపేవారు, అతనూ అక్కడ పాఠాలు చెప్పేవాడు. 1975లో గాయకుడు కెవిన్ డుబ్రో చేరాడు. సొంత ఊళ్లో క్లబ్బుల నిండా జనం వచ్చేవాళ్లు, కానీ అమెరికాలో ఏ కంపెనీ వాళ్లతో ఒప్పందం చేసుకోలేదు. మొదటి రెండు ఆల్బమ్‌లు జపాన్‌లో మాత్రమే వచ్చాయి. 1979లో రాండీ హెవీ మెటల్ గాయకుడు ఆజీ ఆస్బర్న్ బ్యాండ్‌లోకి వెళ్లిపోయాడు. బ్యాండ్ చెదిరిపోయింది.

1982 మార్చి 19న ఫ్లోరిడాలో విమాన ప్రమాదంలో రాండీ చనిపోయాడు. అప్పటికి అతనికి 25 ఏళ్లు. ఆజీ టూర్‌లో అతనితో పాటే బాస్ గిటార్ వాయిస్తున్న రూడీ సార్జో తర్వాత డుబ్రో దగ్గరికొచ్చాడు. రాండీని తలచుకుంటూ చేస్తున్న 'థండర్‌బర్డ్' పాటకి వాయించడానికి వచ్చి, బ్యాండ్‌లోనే ఉండిపోయాడు. గిటార్ మీద కార్లోస్ కవాజో, డ్రమ్స్ మీద ఫ్రాంకీ బనాలి. 'మెటల్ హెల్త్' చేసిన నలుగురూ వీళ్లే.

వాళ్లని ఇంటింటికీ చేర్చిన పాట మాత్రం వాళ్లది కాదు. 'కమ్ ఆన్ ఫీల్ ద నాయిజ్' 1973లో ఇంగ్లండ్ బ్యాండ్ స్లేడ్ పాడి అక్కడ నంబర్ వన్ చేసింది. ప్రొడ్యూసర్ స్పెన్సర్ ప్రాఫర్ అది చేయాల్సిందే అన్నాడు, వీళ్లకి ఇష్టం లేదు. ప్రాక్టీస్ చేయకుండా వెళ్లి పాడు చేస్తే ఆయనే వదిలేస్తాడనుకున్నామని బనాలి తర్వాత చాలాసార్లు చెప్పాడు. తీరా వాయించడం మొదలుపెట్టాక అది అద్భుతంగా కుదిరింది. బిల్‌బోర్డ్ పాటల చార్టులో అయిదో స్థానం దాకా వెళ్లింది. 1983 మే నెలలో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో దగ్గర జరిగిన యూఎస్ ఫెస్టివల్‌లో, హెవీ మెటల్ రోజున, లక్షల జనం ముందు మొదట వాయించిందీ వీళ్లే.

పతనానికి అందరూ చెప్పే కారణం డుబ్రో నోరు. ఇంటర్వ్యూలలో తోటి బ్యాండ్‌ల గురించి అడ్డూ అదుపూ లేకుండా మాట్లాడాడు, శత్రువులు పెరిగారు. అది నిజమే. కానీ నా దృష్టిలో అసలు దెబ్బ 1984 నాటి 'కండిషన్ క్రిటికల్'. అదే ప్రొడ్యూసర్, అదే సౌండ్, చివరికి మళ్లీ ఓ స్లేడ్ పాట! టూర్ల అలసట తీరకుండానే పోయిన ఏడాది విజయాన్ని మళ్లీ అచ్చేసి ఇమ్మంటే ఎవరి దగ్గర కొత్త పాటలుంటాయి? ఆ ఆల్బమ్ 15వ స్థానం దగ్గరే ఆగింది. 1987లో డుబ్రోనే బ్యాండ్ నుంచి తీసేశారు. వాళ్లు తెరిచిన దారిలో ఆ తర్వాత ఎన్ని బ్యాండ్‌లు నడిచాయో మనకు తెలుసు.

1990లలో డుబ్రో తిరిగొచ్చాడు, వాయిస్తూనే ఉన్నారు. 2007 నవంబర్‌లో లాస్ వేగాస్‌లో కొకైన్ మోతాదు మించి అతను చనిపోయాడు. కొన్నాళ్లకి డుబ్రో కుటుంబం అంగీకారంతో బనాలి బ్యాండ్‌ని మళ్లీ నిలబెట్టాడు. 2019లో ప్యాంక్రియాస్ క్యాన్సర్ అని తేలాక కూడా, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడల్లా స్టేజీ ఎక్కాడు. 2020 ఆగస్టు 20న కన్నుమూశాడు. ఈ బ్యాండ్ కథలో నేను అందరికంటే ఎక్కువ గౌరవించేది ఆయననే. మరుసటి ఏడాది సార్జో తిరిగి చేరాడు.

ఇప్పుడు ఆ స్లేడ్ పాటే వినిపిస్తాను. మొదట డ్రమ్స్ ఒక్కటే మోగుతాయి. ఆ వాయించేది బనాలి.