సోల, బియ్యం, ఉపమానం

శ్రోతలకు నమస్కారం.

"ఉపమేయానికి ఉపమానంతో రమణీయమైన పోలిక చెప్పడం ఉపమాలంకారం" అన్న లక్షణాన్ని ఒక్క అక్షరం కూడా తడబడకుండా అప్పజెప్పే పిల్లలను నేను తరగతి గదిలో ఎంతోమందిని చూశాను. ఆ పిల్లలనే నిలబెట్టి, ఈ వాక్యంలో ఉపమేయం ఏది, ఉపమానం ఏది అని అడిగితే చాలామంది రెండింటినీ తారుమారు చేసేవారు. తెలుగు పాఠం చెప్పినన్నాళ్లూ నన్ను బాధించిన విషయం ఇది. తప్పు పిల్లలది కాదు. ఈ పారిభాషిక పదాలు కూడా ఒకప్పుడు మామూలు మాటలేననీ, వాటి లోపల ఒక పని, ఒక వస్తువు, ఒక చప్పుడు దాగి ఉన్నాయనీ మనం వారికి చెప్పకుండానే లక్షణాలను వల్లె వేయించాం.

'మానం' అంటే కొలత. కొలమానం అన్న మాట మన అందరి నోటా ఉన్నదే. 'మేయం' అంటే కొలవదగినది. 'ఉప' అంటే దగ్గర. ఒక వస్తువును మరొక వస్తువు దగ్గరకు చేర్చి కొలిచి చూడడమే ఉపమ. సోలతో బియ్యం కొలిచేటప్పుడు మనకు ముందే తెలిసిన కొలత సోల, ఎంత ఉందో తేల్చవలసినది బియ్యం. సోల ఉపమానం, బియ్యం ఉపమేయం. ఈ మాట చెప్పిన తరువాత ఆ రెండింటినీ కలగాపులగం చేసిన విద్యార్థి నాకు కనిపించలేదు. "చెరువు అద్దంలా మెరుస్తోంది" అన్నప్పుడు అద్దం సోల, చెరువు బియ్యం, రెండింటికీ ఉమ్మడి గుణమైన మెరవడం సమానధర్మం, పోలికను తెలిపే 'లా' అన్నది ఉపమావాచకం.

అదే చెరువు గట్టున మరికొంతసేపు కూర్చుందాం. "చెరువు అద్దంలో ఊరు తన ముఖం చూసుకుంటోంది" అంటే ఇక పోలిక లేదు. చెరువే అద్దమైపోయింది. ఇది రూపకం. "ఊరు ముఖం చూసుకోవడానికి ఎవరో పరిచిన అద్దమేమో ఈ చెరువు" అన్నామంటే ఊహ చేశాం. ఇది ఉత్ప్రేక్ష. మూడు పేర్లను మూడు వేర్వేరు పద్యాలతో నేర్పే అలవాటు మనకు ఉంది గాని, ఒకే దృశ్యాన్ని మూడు విధాలుగా చెప్పించి, ఒక్కొక్క విధానికి మనసు ఎంత దూరం నడిచిందో గమనించమంటే విద్యార్థికి తేడా తనంతట తానే తెలుస్తుందని నా అనుభవం.

రూపకం అన్న మాట దగ్గర విద్యార్థులకు ఇంకొక చిక్కు ఎదురవుతుంది. నాటకాన్నీ రూపకమనే అంటారు. సంస్కృతంలో నాటకం, ప్రకరణం, ప్రహసనం మొదలైన పది రకాల దృశ్యకావ్యాలకు దశరూపకాలని పేరు. ఇక రేడియోలో సంగీత రూపకాలు వింటూనే పెరిగినవాళ్లం మనం. ఒకే పేరు అలంకారానికీ నాటకానికీ ఎందుకు వచ్చింది? రెండింటిలోనూ జరిగేది ఆరోపమే కనుక. ఆరోపం అంటే ఒకదాని రూపాన్ని మరొకదాని మీద ఉంచడం. కవి చెరువు మీద అద్దం రూపాన్ని ఉంచుతాడు, రంగస్థలం మీద నటుడు తన మీద రాముడి రూపాన్నో కీచకుడి రూపాన్నో ఉంచుకుంటాడు. దశరూపకమనే గ్రంథం రాసిన ధనంజయుడు రూపకమన్న పేరుకు ఈ కారణాన్నే చెప్పాడు. నాటకంలోని 'పాత్ర' కూడా ఇంట్లో ఉండే పాత్రే. కథలోని రసాన్ని మన దాకా మోసుకొచ్చే గిన్నె అది. శ్లేష అంటే కౌగిలింత. ఒకే మాటలో రెండు అర్థాలు కౌగిలించుకుంటే శ్లేషాలంకారం.

ఇక ఛందస్సు. పలకడానికి ఎక్కువసేపు పట్టే అక్షరం గురువు, తక్కువసేపు పట్టేది లఘువు. ఇక్కడ నల్లబల్ల లేదు కనుక గురులఘువుల గుర్తులు వేసి చూపించలేను. అయితే యతిప్రాసల విషయంలో అది లోటు కాదు, ఎందుకంటే అవి కంటికోసం పుట్టినవి కావు. వేమన పద్యం ఒకటి మీకు కంఠతా వచ్చే ఉంటుంది.

"ఉప్పుకప్పురంబు నొక్కపోలికనుండు
చూడచూడ రుచులు జాడవేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినురవేమ."

ఇది ఆటవెలది అనే పద్యం. గణమంటే కొన్ని గురులఘువుల కూర్పు, సూర్యగణాలు, ఇంద్రగణాలు అన్నవి వాటిలో రకాలు. 1, 3 పాదాలలో మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు, 2, 4 పాదాలలో ఐదూ సూర్యగణాలే. ప్రతి పాదంలోనూ నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం. చివరి పాదాన్ని నెమ్మదిగా అనుకోండి: విశ్వదాభిరామ, వినురవేమ. మొదట 'వి' మోగింది, నాలుగో గణం దగ్గర మళ్లీ 'వి' మోగింది. మూడో పాదంలో 'పు' మోగినచోట 'పు' పలికింది. మొదటి పాదంలో 'ఉప్పు' అన్న చోటికి 'నొక్క' వచ్చింది. కప్పురంబున్ అన్న మాట చివరి నకారం 'ఒక్క'తో కలిసి 'నొక్క' అయింది కనుక, ఉకారానికి ఒకారంతో మైత్రి కుదిరింది. సంస్కృతంలో యతి అంటే విరామం, అంటే పద్యం చదివేటప్పుడు ఆగే చోటు. తెలుగు కవులు ఆ చోట మాట విరిగి తీరాలని పట్టుబట్టలేదు. దానికి బదులు పాదం మొదటి అక్షరంతో అక్కడి అక్షరానికి పొత్తు ఉండాలన్నారు. దీనికే 'వడి' అని మరొక పేరు.

రెండో పాదం మాత్రం వేరు. 'చూ'కూ 'జా'కూ అచ్చులు కుదరలేదు. అక్కడ పనిచేసినది 'చూడ', 'జాడ' అన్న మాటలలోని 'డ'. రెండో అక్షరాలను కలిపి యతికి బదులుగా నిలిపే ఈ పద్ధతిని ప్రాసయతి అంటారు. ఇక్కడ నేను తరగతిలో చేయించిన ఒక చిన్న పరీక్ష చెబుతాను. "చూడచూడ రుచులు తీరువేరు" అని మార్చి చదవండి. అర్థం చెడలేదు, గణం చెడలేదు, అయినా పాదంలో ఏదో తెగిపోయినట్లు చెవికి తోస్తుంది. తాళపత్రాల మీద ఎత్తిరాసేవారి చేతిలో జారిన మాటలను పండితులు పట్టుకోవడానికి యతి ఒక ఆధారమైంది. పద్యం మూడు నాలుగు వందల ఏళ్ల పాటు నోటి మీదుగా నడిచి కూడా చెక్కుచెదరకుండా మన దాకా చేరడంలో దీని పాలు చాలా ఉందని నా నమ్మకం.

ప్రాస అనగానే ఈనాటి విద్యార్థికి పాట చరణం చివర కలిసే మాటలు గుర్తొస్తాయి. అది అంత్యప్రాస. పద్యంలో ఊరికే ప్రాస అంటే పాదంలోని రెండో అక్షరం. సుమతీ శతకంలోని కందపద్యం ఒకటి తీసుకుని, పాదాల మొదళ్లు మాత్రమే వినండి: అక్కరకు, మ్రొక్కిన, నెక్కిన, గ్రక్కున. నాలుగు చోట్లా రెండో అక్షరం 'క్క'. దానికి ముందున్న అక్షరం నాలుగు చోట్లా గురువే. ప్రాసకు ముందు అక్షరం మొదటి పాదంలో గురువైతే అన్ని పాదాలలోనూ గురువే, లఘువైతే అన్నింటా లఘువే ఉండాలన్నది నియమం. ఆటవెలదికి ఈ ప్రాస నియమం లేదు, కందానికి తప్పదు. "కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు" అన్న సామెత ఊరికే రాలేదు.

పరీక్షలో ప్రతిపదార్థం, తాత్పర్యం అని విడివిడిగా అడుగుతారు. చాలామంది ప్రతిపదార్థంలో రాసిన మాటలనే కలిపి మళ్లీ రాసి తాత్పర్యమంటారు. 'తత్పరుడు' అంటే ఒక దాని మీదే మనసు నిలిపినవాడు. మాట ఎటు మొగ్గి ఉందో, చెప్పేవారి మనసు దేనిమీద నిలిచి ఉందో అది తాత్పర్యం. వేమన పద్యంలో రెండు పాదాలు ఉప్పు గురించి, కర్పూరం గురించి ఉన్నాయి గాని కవి మనసు వంటింట్లోనూ లేదు, పూజగదిలోనూ లేదు. మూడో పాదంలో 'పురుషులందు' అన్న మాట దగ్గర అది బయటపడుతుంది. 'లా' అన్న మాట పద్యంలో ఎక్కడా లేదు. ఈ రాత్రి మీ పిల్లలు పుస్తకం తెరిచినప్పుడు ఈ పద్యంలో సోల ఏదో, బియ్యం ఏదో చూపించమని అడగండి.

సెలవు.