బంపర్‌కి సొట్ట పడింది, క్లెయిమ్ చేయాలా వద్దా?

(తెర మీద: వానలో తడిసిన రోడ్డు, వెనక బంపర్ కుడి మూల పగిలిన సిల్వర్ కలర్ కారు ఫొటో)

నమస్తే అండీ. మీరు చూస్తున్నది నా కారే. పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం కూకట్‌పల్లి వై జంక్షన్ దగ్గర సిగ్నల్ పడితే ఆగాను. వెనక నుంచి ఒక ఆటో వచ్చి గుద్దింది. ఆ చప్పుడుకి డిక్కీ మొత్తం పోయిందనుకున్నాను. దిగి చూస్తే బంపర్ కుడి మూల పగిలి లోపలికి నొక్కుకుపోయింది, పెయింట్ లేచిపోయింది, అంతే. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆటో ఆయన దిగి, "అన్నా, బ్రేక్ కొట్టిన, బండి ఆగలే. వాన గదా" అంటూ జేబులోంచి ఐదొందల నోటు తీశాడు. వెనక ఉన్నవాళ్లు హారన్ల మీద చేయి తీయట్లేదు.

ఆ ఐదొందలు తీసుకోబుద్ధి కాలేదు. "ఇన్సూరెన్స్ ఉంది కదా, చూసుకుందాంలే" అని పంపేశాను. ఇంటికొచ్చి, పాలసీ కాగితం తీసి, క్యాలిక్యులేటర్ పట్టుకుని కూర్చున్నాక అర్థమైంది, ఆ మాట అనుకున్నంత తేలిక కాదని. ఈ వీడియో ముఖ్యంగా ఆ లెక్క గురించి. అంతకంటే ముందు రోడ్డు మీద గడిచే ఆ మొదటి పది నిమిషాల సంగతి చూద్దాం.

(తెర మీద: హజార్డ్ లైట్లు వెలుగుతున్న కారు)

మొదట హజార్డ్ లైట్లు వేయండి. తర్వాత ఫోన్ తీయండి, గొడవ తర్వాత పడొచ్చు. బండ్లు కదపక ముందే నాలుగైదు ఫొటోలు చాలు: రెండు బండ్లూ నంబర్ ప్లేట్లతో సహా ఒకే ఫ్రేములో, తగిలిన చోటు దగ్గర్నుంచి, ఆ చోటు ఎక్కడో తెలిసేలా ఇంకొకటి. హైదరాబాద్‌లో చోటు చెప్పడానికి మెట్రో పిల్లర్ నంబర్‌ని మించిన అడ్రస్ లేదు, అదీ ఫొటోలో పడేలా చూడండి. ఆ తర్వాత బండి పక్కకు తీయండి. చిన్న సొట్ట కోసం నడిరోడ్డు మీద అరగంట పంచాయితీ పెట్టి, వెనకొచ్చేవాడితో ఇంకో యాక్సిడెంట్ చేయించుకున్నవాళ్లను చూశాను.

అవతలి బండికి ఇన్సూరెన్స్ ఉందో లేదో ఆయన్ని అడిగి తెలుసుకోవాల్సిన పని లేదు. ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే పాలసీ ఎప్పటిదాకా ఉందో కనిపిస్తుంది. మీ ఆర్సీ, లైసెన్స్ డిజీలాకర్‌లో ఉంటే చాలు, కాగితాల కోసం డ్యాష్‌బోర్డ్ అంతా వెతుక్కోనక్కర్లేదు.

ఎవరికైనా దెబ్బ తగిలిందా, ఇక ఈ వీడియోలో చెప్పే బేరసారాల లెక్కలేవీ వర్తించవు. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం గాయపడ్డ మనిషికి వైద్యం అందేలా చూడటం డ్రైవర్ బాధ్యత. పోలీసులకు వీలైనంత త్వరగా, ఎలా చూసినా 24 గంటల్లోపు చెప్పాలి. ఇన్సూరెన్స్ కంపెనీకీ తెలియజేయాలి. "కాలు బెణికింది, రెండు వేలు ఇచ్చేయండి సార్, పోతాను" అని అవతలి మనిషే అన్నా సరే, చెప్పాల్సిన చోట చెప్పండి. బెణుకు అనుకున్నది నాలుగు రోజుల తర్వాత ఎక్స్‌రేలో విరిగినట్టు తేలితే, మీరిచ్చిన రెండు వేలు మిమ్మల్ని కాపాడవు.

ఇంకో మాట. తప్పు మీదే అయినా "మొత్తం నేనే బాగు చేయిస్తాను" అని చీటీ రాసి సంతకం పెట్టకండి. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఎదుటివాళ్లకు మాట ఇవ్వకూడదు, డబ్బు ఇవ్వకూడదు అని మామూలు మోటార్ పాలసీలో షరతు ఉంటుంది. అక్కడికక్కడ మీ జేబులోంచి ఇచ్చి తేల్చుకోవాలంటే తేల్చుకోండి. కానీ ఆ డబ్బు తర్వాత కంపెనీ నుంచి వస్తుందని మాత్రం అనుకోకండి.

(తెర మీద: పాలసీ కాగితం, రెండు భాగాలు వేరే రంగుల్లో)

"తప్పు ఆటోది కదా, ఆటో ఇన్సూరెన్స్ వాళ్లు నా బంపర్‌కి కట్టరా?" అని మా బావమరిది అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. థర్డ్ పార్టీ పాలసీ ఉన్నది ఎదుటివాళ్ల నష్టం కోసమే. ప్రైవేటు కారు పాలసీలో అయితే ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి ₹7.5 లక్షల దాకా కవర్ ఉంటుంది. కానీ ఆ డబ్బు రావాలంటే పోలీసు రికార్డు, మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్, వాయిదాలు. బంపర్ కోసం ఆ మెట్లెక్కే ఓపిక ఎవరికుంటుంది? అందుకే తప్పు ఎవరిదైనా, మన దగ్గర చిన్న డ్యామేజీకి చివరికి రెండే దారులు మిగులుతాయి: సొంత జేబు, లేదా మన పాలసీలోని ఓన్ డ్యామేజ్ భాగం, అంటే మన కారుకి జరిగిన నష్టానికి కట్టే భాగం. ఉత్త థర్డ్ పార్టీ పాలసీయే తీసుకున్నవాళ్లకు ఆ రెండో దారీ లేదు. "ఇన్సూరెన్స్ ఉంది" అనుకుంటూ తిరిగే చాలామందికి తమ కారుకి కాదు, ఎదుటివాళ్ల కారుకే ఉందని సొట్ట పడ్డాకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు లెక్క.

(తెర మీద: తెల్ల కాగితం, పెన్నుతో రాస్తున్న చేయి)

తేలిగ్గా అర్థమవడానికి అంకెలను రౌండ్ చేస్తున్నాను. షోరూమ్ వాళ్లు బంపర్ మార్చాల్సిందే అన్నారు. కొత్త బంపర్ 6,000, పెయింట్ 4,500, లేబర్ 1,500. మొత్తం 12,000. నా కారుకి నాలుగో ఏడు నడుస్తోంది. రెన్యువల్ అప్పుడు కాస్త డబ్బు మిగులుతుందని జీరో డిప్రిసియేషన్ (పార్టుల ఖరీదులో తరుగు కోయకుండా చూసే అదనపు కవర్) తీసేయించిన మహానుభావుణ్ణి నేను.

అది లేకపోతే కంపెనీ పార్టుల ఖరీదులో తరుగు కోస్తుంది. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, టైర్ల లాంటివాటికి సగానికి సగం, బండి వయసుతో పని లేదు. ఇనుప భాగాలకు వయసును బట్టి: ఆరు నెలల లోపు ఏమీ లేదు, రెండు మూడేళ్ల మధ్య 15%, మూడు నాలుగేళ్ల మధ్య 25%, అలా పెరుగుతూ పోతుంది. అద్దానికి తరుగు లేదు. ఇప్పటి బంపర్లన్నీ ప్లాస్టిక్కే కాబట్టి నా 6,000లో 3,000 పోయింది. పెయింట్ బిల్లులో నాలుగో వంతును మెటీరియల్ కింద లెక్కేసి, అందులో సగం కోస్తారు. అదొక 560 చిల్లర. ఆపైన ప్రతి క్లెయిమ్‌కీ మన వంతుగా పెట్టుకోవాల్సిన కంపల్సరీ డిడక్టబుల్, 1500 సీసీ లోపు కారుకి 1,000, అది దాటితే 2,000. నాది చిన్న కారు, 1,000 పోయింది. అంటే 12,000 బిల్లులో కంపెనీ ఇచ్చేది సుమారు 7,400.

ఏడు వేల నాలుగొందలు ఊరికే వస్తున్నాయి కదా అనిపిస్తుంది. నో క్లెయిమ్ బోనస్ సంగతి చూడనంత వరకూ.

ఒక ఏడాది క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20% తగ్గింపు. వరసగా రెండేళ్లు లేకపోతే 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50. అక్కడితో ఆగుతుంది. ఒక్క క్లెయిమ్ చేస్తే సున్నాకి వచ్చి పడతాం, వైకుంఠపాళిలో పెద్ద పాము మింగినట్టు. నేను 35 మీద ఉన్నాను. తగ్గింపు లేకుండా నా ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12,000 అనుకోండి.

(తెర మీద: రెండు వరసలు, క్లెయిమ్ చేస్తే, చేయకపోతే)

క్లెయిమ్ చేయకపోతే వచ్చే ఏడు 45% తగ్గి 6,600 కడతాను. చేస్తే పూర్తి 12,000. తేడా 5,400. ఆ పై ఏడు ఇటు 6,000, అటు 9,600. తేడా 3,600. మూడో ఏడు 3,000, నాలుగో ఏడు 1,800, ఐదో ఏడు 600. ఆరో ఏటికి గానీ రెండు దారులూ కలవవు. కూడితే 14,400. దీని మీద 18% జీఎస్టీ కూడా వేస్తే దాదాపు 17,000. కారు ఐడీవీ, అంటే పాలసీలో కారుకి కట్టే విలువ, ఏటా తగ్గుతుంది, దాంతో ప్రీమియమూ తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం దీనికన్నా కొంచెం తక్కువే ఉంటుంది. అయినా 7,400 కోసం ఇంత పోగొట్టుకోవడమా?

మీ అంకెలు వేరే ఉంటాయి. మీకు జీరో డిప్ ఉంటే తరుగు పోదు, చేతికొచ్చేది పెరుగుతుంది. కానీ బోనస్ నష్టం అలాగే ఉంటుంది, ఈ రెండింటినీ కలిపేసుకోకండి. బోనస్‌ని కాపాడే యాడాన్, అంటే అదనపు కవర్, వేరే దొరుకుతుంది. అది తీసుకున్నవాళ్ల లెక్క పూర్తిగా మారిపోతుంది. మొదటి ఏడాదిలోనే ఉన్నవాళ్లకు పోవడానికి పెద్దగా బోనస్ లేదు, కాబట్టి వాళ్లు చిన్నదానికైనా క్లెయిమ్‌కి వెళ్లొచ్చు. 50 మీద ఉన్నవాళ్లు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. నా అభిప్రాయం అడిగితే, ఒకటి రెండు ప్యానెళ్ల గీతలకు క్లెయిమ్ దండగ. హెడ్‌లైట్, ఫెండర్, రేడియేటర్, సెన్సర్లు కలిసి దెబ్బతిన్నప్పుడు వెనకాడొద్దు, పాలసీ కొన్నది దానికే.

ఆలోచించుకోవడానికి నెల రోజులు తీసుకోకండి మరి. అదే రోజో మర్నాడో ఎస్టిమేషన్ వేయించి, లెక్క చూసుకుని, క్లెయిమ్ అనుకుంటే వెంటనే కంపెనీకి చెప్పండి. తగిన కారణం ఉండి ఆలస్యమైన నిజమైన క్లెయిమ్‌లను గుడ్డిగా కొట్టేయొద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2011లోనే కంపెనీలకు చెప్పింది. కానీ ఆ మాట పట్టుకుని వాదించే పరిస్థితి తెచ్చుకోవడం ఎందుకు?

(తెర మీద: వర్క్‌షాపులో బంపర్ విప్పుతున్న మెకానిక్)

క్లెయిమ్ చేస్తే, సర్వేయర్ (నష్టం అంచనా వేయడానికి కంపెనీ తరఫున వచ్చే మనిషి) చూసేదాకా బండి మీద చేయి వేయనీయకండి. బంపర్ పైకి బాగానే కనిపిస్తుంది, వెనకాల క్లిప్పులు విరిగి, లోపలి ఇనుప బార్ వంగి ఉంటుంది. విప్పాక బయటపడ్డ డ్యామేజీకి అదనపు ఎస్టిమేషన్ వేయించి, దానికీ సర్వేయర్ ఓకే అన్నాకే పని మొదలవ్వాలి. తీసేసిన పాత పార్టులు పారేయనీయకండి, రీఇన్‌స్పెక్షన్‌కి, అంటే పని అయ్యాక మళ్లీ చూడటానికి వచ్చినప్పుడు, అడుగుతారు. రీఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా అవి వర్క్‌షాపులోనే ఉండాలి.

ఈ దశలో ఒక తీయని మాట వినిపిస్తుంది. "సార్, ఎలాగూ క్లెయిమ్‌కి పోతున్నాం, ఆ ఎడమ డోర్ మీద పాత గీతలు కూడా ఇందులోనే కలిపేద్దాం." నాకూ ఒక చోట ఈ ఆఫర్ వచ్చింది. వెనక నుంచి గుద్దితే ముందు డోర్ మీద గీత ఎలా పడిందో సర్వేయర్ అడిగితే చెప్పాల్సింది మనం, వర్క్‌షాపు వాడు కాదు. అబద్ధం పట్టుబడితే అసలైన క్లెయిమ్ కూడా పోతుంది. వేరే రోజు పడ్డ దెబ్బ వేరే క్లెయిమ్ అవుతుంది, దానికి డిడక్టబుల్ మళ్లీ మొదట్నుంచి.

క్యాష్‌లెస్ అంటే అసలు డబ్బు కట్టనక్కర్లేదని కాదు. తరుగు, డిడక్టబుల్ మనం కట్టాలి, మిగతాది కంపెనీ నేరుగా వర్క్‌షాపుకి ఇస్తుంది. కంపెనీ లిస్టులో లేని చోట చేయిస్తే మొత్తం మనమే కట్టి, బిల్లులు పెట్టి తిరిగి తెచ్చుకోవాలి. ఎక్కడైనా సరే, పని మొదలవక ముందే "నా జేబులోంచి ఎంత?" అని అడిగి అంకె రాయించుకోండి.

పొల్యూషన్ సర్టిఫికెట్ లేదని క్లెయిమ్ ఆపేస్తామంటే బెదరకండి. ఒక్క ఆ కారణంతో కొట్టేయకూడదని ఐఆర్‌డీఏఐ 2020లో స్పష్టంగా చెప్పింది. లైసెన్స్ గడువు దాటిపోవడం, తాగి నడపడం, తెల్ల నంబర్ ప్లేటు బండిని అద్దెకు తిప్పడం, ఇవి వేరే సంగతి. వీటి మీద వాదించి లాభం లేదు.

అన్యాయంగా కోశారనిపిస్తే మొదట కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాతపూర్వకంగా రాయండి. బీమా భరోసా పోర్టల్‌లోనూ పెట్టొచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ ఉన్నారు. మన రెండు రాష్ట్రాలకూ ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

(తెర మీద: ఎండలో నిలబెట్టిన సిల్వర్ కారు)

నా బంపర్ సంగతి చెప్పి ముగిస్తాను. క్లెయిమ్ చేయలేదు. షోరూమ్‌లో మార్చాల్సిందే అన్న బంపర్‌ని మూసాపేటలో ఒక టింకరింగ్ షెడ్డు ఆయన ప్లాస్టిక్ వెల్డింగ్ చేసి, పుట్టీ పెట్టి, పెయింట్ వేసి 4,500కి తిరిగిచ్చాడు. విజయవాడ వాళ్లు ఆటోనగర్‌లో ఇంకా తక్కువకే అయ్యేది అంటారేమో, ఒప్పుకుంటాను.

డెలివరీ తీసుకునేటప్పుడు బండిని షెడ్డులో కాకుండా బయట ఎండలో చూడండి, పెయింట్ షేడ్ తేడా అక్కడే తెలుస్తుంది. రివర్స్ సెన్సర్లు కూస్తున్నాయో లేదో, డిక్కీ తలుపు రెండు వైపులా సమానంగా పడుతోందో లేదో చూడండి. క్లెయిమ్‌లో అయితే ఇవన్నీ అయ్యాకే పని బాగుందని సంతకం పెట్టండి.

నేను తీసుకున్నది సాయంత్రం ఏడింటికి, ట్యూబ్‌లైట్ కింద. బ్రహ్మాండంగా ఉందనుకున్నాను. పొద్దున్నే మా ఆవిడ బాల్కనీలోంచి చూసి, "ఆ మూల కాస్త నీలంగా లేదూ?" అంది.