అరుగు గురించి రెండు మాటలు

వేదిక మీది పెద్దలకు, చాపల మీద కూర్చున్న అక్కలకు, వెనక నిలబడ్డ అన్నలకు నమస్కారం. మన డబుల్ బెడ్రూం కాలనీ అసోసియేషన్ వాళ్లు నన్ను చెత్త గురించి మాట్లాడమన్నారు. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు, రెండూ మెట్ల కింద పడేయకండి. అయిపోయింది. ఇక నా ముచ్చట.

మా మేనమామ ఊరు కల్వకుర్తి దగ్గర. ఎండాకాలం సెలవులన్నీ అక్కడే. మూరెడు మందం మట్టిగోడలు, పైన గూనపెంకలు. మృగశిర కార్తె రాకముందే మామ నిచ్చెన వేసుకొని పెంకలు సర్దేవాడు, నేను కింద నుంచి ఒక్కొక్కటి అందించేవాణ్ని. తర్వాత మామ కూలికి బొంబాయి పోయాడు. పాలమూరులో ఇది కొత్త కథ కాదు, మీ ఇళ్లలోనూ ఉంది. ఇక పైకెక్కే మనిషి లేడు. కోతులొచ్చి నాలుగు పెంకలు జరిపాయి. ఆ సందులోంచి వాన గోడలోకి దిగింది. రెండు వానాకాలాలకు వెనక అర్ర కూలింది.

మిగిలింది ముందరి అరుగు. అత్తమ్మ దాన్ని పేడ, ఎర్రమన్ను కలిపి అలికేది. ఆరిన తర్వాత కూడా ఆమె నాలుగు వేళ్ల గీతలు కనిపించేవి. పోస్టుమాన్ మామ పంపిన పైసలు లెక్కపెట్టి ఇచ్చింది ఆ అరుగు మీదే. అక్క పెళ్లి మాటలు అక్కడే. తాత పోతే పడుకోబెట్టిందీ అక్కడే. మీలో అరుగు మీద పండుకున్నవాళ్లెందరు? చేతులెత్తండి. చూశారా, అధ్యక్షుల వారు కూడా ఎత్తారు!

లక్కీ డ్రాలో సర్కారు డబుల్ బెడ్రూం ఇల్లు వచ్చిన రోజు అత్తమ్మ ఏడ్చింది, సంతోషంతోనే. 560 చదరపు అడుగులు, స్లాబు, నల్లా. నేను తప్పు పట్టను. కురిసే ఇంట్లో రాత్రంతా గిన్నెలు పెట్టినవాళ్లకే స్లాబు విలువ తెలుసు. మట్టిల్లే స్వర్గమని చెప్పేవాళ్లు ఒక్కసారైనా పెంకలు సర్దినట్టు లేరు.

కానీ కూర్చునేదెక్కడ? అత్తమ్మది మూడో అంతస్తు. మోకాళ్ల నొప్పులు. పొద్దున కష్టం మీద రెండో అంతస్తు దాకా దిగి, మెట్ల మీద చాట పెట్టుకొని బియ్యంలో రాళ్లు ఏరేది. మనుషులు కనబడాలని. మొన్న ఎవరో పిల్లగాడు "అడ్డం లే, ముసల్దానా" అన్నాడట. పేరు చెప్పను, ఇక్కడే ఉన్నాడు. ఆమె లేచింది. అప్పటినుంచి తలుపు దాటి రావడం లేదు.

అందుకే అడుగుతున్నాను. ప్రతి బ్లాకుకు మెట్ల పక్కన, ఇప్పుడు మనం చెత్త పడేసే ఆ జాగాలోనే, ఒక అరుగు కడదాం. తాండూరు బండలు నేను తెస్తాను. ఇసుక, సిమెంటు అసోసియేషన్ చూసుకోవాలి. మేస్త్రీలకేం కొదవ? బొంబాయిలో ఇరవై అంతస్తులు కట్టి వచ్చినోళ్లున్నారు మనలో, మూడడుగుల గద్దె కట్టలేమా! అత్తమ్మను కింది దాకా తీసుకొచ్చే పని నాది.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి. ఈసారి చేతులెత్తుడు కాదు, ఇదిగో నోటుబుక్కు, పేర్లు రాయించండి. అధ్యక్షుల వారూ, ముందు మీదే.