స్కాట్లాండ్‌లో స్థలం కొనాలంటే ముందు దారి చూడాలి

వ్యాఖ్యాత: అక్కా, ఉత్తర స్కాట్లాండ్‌లోని ఇన్వర్నెస్ పట్టణం దాటి పైకి వెళుతుంటే అమ్మకానికి పెట్టిన స్థలాల బోర్డులు కనిపిస్తాయి. ఒకటి కొని ఇల్లు కట్టుకోవాలని నాకు ఎప్పటి నుంచో ఆశ. ముందుగా ఏమి చూడాలి?

అతిథి: దారి చూడు తమ్ముడూ. ఇక్కడి కొండ ప్రాంతం హైలాండ్స్‌లో ఒక స్థలం చూసి నేను మనసు పారేసుకున్నాను. ముందు సరస్సు, వెనుక కొండ, ధర కూడా మాకు అందేదే. తీరా మా న్యాయవాది పటం తెప్పించి చూస్తే, రోడ్డుకూ స్థలానికీ మధ్య సన్నటి నేల పట్టీ ఒకటి పొరుగాయనదని తేలింది.

వ్యాఖ్యాత: ఇక్కడ ఎవరి భూమిలోనైనా నడవవచ్చు కదా?

అతిథి: చాలా చోట్ల నడవవచ్చు. 2003 నాటి భూ సంస్కరణల చట్టం ఆ హక్కు ఇచ్చింది. కానీ కారు తోలడానికి, నీటి గొట్టం వేయడానికి అది పనికిరాదు. అందుకు సర్విట్యూడ్ కావాలి, అంటే ఆ నేల మీద మనకు దారి హక్కు ఉండాలి. పొరుగాయన ఒప్పుకోలేదు. ఆ స్థలం వదులుకున్నాం. ఇప్పటికీ అటు వెళితే కారు ఆపి చూస్తాను.

వ్యాఖ్యాత: మన దగ్గర పొలం దారి తగాదాలే గుర్తొస్తున్నాయి. సరే, ప్రకటనలో 'ప్లానింగ్ అనుమతి ఉంది' అని ఉంటే?

అతిథి: ఏ అనుమతి, గడువు ఎప్పటి వరకు అని అడగాలి. సూత్రప్రాయ అనుమతి అయితే, ఇల్లు ఎలా ఉండాలో ఆ వివరాలకు మళ్లీ ఆమోదం తీసుకోవాలి. పూర్తి అనుమతి ఉన్నా, స్థానిక కౌన్సిల్ నుంచి బిల్డింగ్ వారంట్, అంటే కట్టడానికి ఇచ్చే అనుమతి పత్రం, రాకుండా పునాది తవ్వకూడదు. నీరు, కరెంటు ఎంత దూరంలో ఉన్నాయో కనుక్కో. మురుగు కాలువ లేని చోట సెప్టిక్ ట్యాంకు పెట్టాలి, దాని నీటిని నేల పీల్చుకోవాలి. పీట్ నేల, అంటే కుళ్లిన మొక్కలతో ఏర్పడిన చిత్తడి నేల, అసలే తడి ముద్ద. అందుకే స్థలం చూడడానికి జూన్‌లో కాదు, నవంబరు వానలో వెళ్లమంటాను.

వ్యాఖ్యాత: కొన్ని చోట్ల 'క్రాఫ్ట్' అమ్మకానికి అని ఉంటుంది. చవకగానే కనిపిస్తుంది.

అతిథి: క్రాఫ్ట్ అంటే ప్రత్యేక చట్టం కింద ఉండే చిన్న కమతం, మామూలు పొలం కాదు తమ్ముడూ. గొర్రెల మేత కోసం భూస్వాములు ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించిన చరిత్ర హైలాండ్స్‌ది. ఆ తరువాత పోరాడి సాధించుకున్నది 1886 నాటి క్రాఫ్టర్ల చట్టం. చిన్న రైతును ఇష్టం వచ్చినట్టు వెళ్లగొట్టే వీలు అప్పటితో పోయింది. ఇప్పటికీ క్రాఫ్ట్ ఉన్నవారు దానికి 32 కిలోమీటర్ల లోపు నివసించాలి, భూమిని సాగులో ఉంచాలి. ఇంటి స్థలాన్ని ఆ నిబంధనల నుంచి విడిపించాలంటే క్రాఫ్ట్‌లను పర్యవేక్షించే క్రాఫ్టింగ్ కమిషన్ అనుమతించాలి. దాన్ని డీక్రాఫ్టింగ్ అంటారు.

వ్యాఖ్యాత: పొలాన్ని ఇళ్ల స్థలంగా మార్చే మన నాలా మార్పిడి లాంటిదా?

అతిథి: కొంతవరకు. కానీ మార్పిడి అనేసరికి మనకు ఫీజు కట్టే పని గుర్తొస్తుంది. ఇక్కడ ఊరు మిగలడం గురించి ఆలోచిస్తారు. సెలవులకు మాత్రమే తలుపు తెరిచే ఇళ్లు పెరిగితే ఊరి బడికి పిల్లలు ఎక్కడి నుంచి వస్తారు? ఏడాదంతా ఉండే ఉద్దేశం లేకపోతే క్రాఫ్ట్ జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతాను.

వ్యాఖ్యాత: ఇంతకీ బేరం ఎలా కుదురుతుంది? బయానా ఇవ్వాలా?

అతిథి: మామూలుగా అవసరం లేదు. ఇరువైపుల న్యాయవాదులు ఉత్తరాలు రాసుకుంటారు, వాటిని మిస్సివ్స్ అంటారు. చివరి ఉత్తరంతో ఒప్పందం ఖాయమైతే ఇద్దరూ కట్టుబడాలి. ఆ తరువాత వెనక్కి తగ్గితే నష్టపరిహారం కట్టవలసి రావచ్చు. కాబట్టి దారి, నీరు, నేల పరీక్ష అన్నీ ఆ ఉత్తరానికి ముందే తేల్చుకోవాలి. వచ్చే శనివారం నేను ఒక స్థలం చూడబోతున్నాను, వాన పడేలా ఉంది. వస్తావా?

వ్యాఖ్యాత: బూట్లు తెచ్చుకుంటాను అక్కా.