పొలం మోటార్లు ఆన్ అయినప్పుడు పడే వోల్టేజ్‌ని ఫంక్షన్ జనరేటర్‌లో రప్పిద్దాం

నమస్తే అండి. మన శ్రీకాకుళం పల్లెల్లో పొలం మోటార్లన్నీ ఒకేపాలి ఆన్ అయ్యాయంటే ఇంట్లో లైటు డిమ్మయిపోద్ది కదా, ఆ వోల్టేజ్ పడిపోవడాన్ని మన మోటార్ స్టార్టర్ బోర్డు పట్టుకుంటాదో లేదో చూడ్డానికి కరెంటు ఎప్పుడు పడిపోద్దా అని కాసుకుని కూర్చోనక్కర్లేదు, ఫంక్షన్ జనరేటర్‌లో (కరెంటు తయారుచేసేది కాదండి, మనకి కావలసిన ఆకారంలో చిన్న వోల్టేజ్ సిగ్నల్ ఇచ్చే పరికరం) సీక్వెన్స్, అంటే ఒకదాని తర్వాత ఒకటి వేవ్‌లు వచ్చే వరస, పెట్టీసి టేబుల్ మీదే చూసీవచ్చు.

ముందు జాగ్రత్త. జనరేటర్ వైరు 230 వోల్టుల వైపు అస్సలు తగలకూడదు. మెయిన్స్ పూర్తిగా తీసీసి, బోర్డుకి విడిగా డీసీ సప్లై ఇచ్చి, సెన్సింగ్ ట్రాన్స్‌ఫార్మర్ (మెయిన్స్ వోల్టేజ్‌ని చిన్నది చేసి బోర్డుకి చూపించేది) తర్వాత వచ్చే చిన్న సిగ్నల్ పాయింట్ దగ్గరే కలపండి.

ఇప్పుడు రెండు వేవ్‌లు కావాలి. ఒకటి మామూలు 50 హెర్ట్జ్ సైను, రెండోది అదే సైనుని 0.7తో గుణించింది. ఒక్కో సైకిల్‌కి 1000 పాయింట్లు, శాంపిల్ రేటు, అంటే జనరేటర్ పాయింట్లు బయటికి పంపే వేగం, సెకనుకి 50,000. అంటే సైకిల్‌కి 20 మిల్లీసెకన్లు, సరిపోయింది.

ఇక్కడే చాలామంది తప్పుతారు, కాస్త ఆగి చూడండి. వేవ్ పాయింట్లు తయారుచేసేటప్పుడు ఎక్సెల్‌లో పాయింట్ నంబర్లు 0 నుంచి 1000 దాకా లాగీస్తారు, అప్పుడు 1001 పాయింట్లు అవుతాయి, చివరి సున్నా, తర్వాతి సైకిల్ మొదటి సున్నా పక్కపక్కనే పడతాయి, ప్రతి సైకిల్‌కీ 20 మైక్రోసెకన్లు ఎక్కువై ఫ్రీక్వెన్సీ 49.95కి దిగిపోద్ది. 999 దగ్గర ఆపీయండి. రెండు వేవ్‌లూ సున్నా దగ్గరే మొదలవుతాయి కాబట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేటప్పుడు గెంతు ఉండదు.

సీక్వెన్స్ మెనూలో మొదటి వేవ్‌కి ట్రిగ్గర్ (ముందుకి వెళ్ళమని మనం నొక్కి ఇచ్చే సిగ్నల్) వచ్చేదాకా రిపీట్, రెండోదానికి 10 సార్లు, అంటే 200 మిల్లీసెకన్లు. ఆ మెనూ పేర్లు కంపెనీని బట్టి మారతాయి, మామూలు చవక జనరేటర్లలో సీక్వెన్సే ఉండదు, కొనేముందే అడగండి.

ఆంప్లిట్యూడ్ 2 వోల్టుల పీక్ టు పీక్. లోడ్ సెట్టింగ్ హై జెడ్ (కలిపేది కరెంటు దాదాపు లాగదని జనరేటర్‌కి చెప్పేది) పెట్టండి, 50 ఓమ్స్‌లో వదిలేస్తే బోర్డుకి రెట్టింపు వోల్టేజ్ పోద్ది. బోర్డుకి కలిపేముందు స్కోప్ (వేవ్ ఆకారం తెర మీద చూపించే ఆసిలోస్కోప్) మీద చూడండి, రెండో వేవ్ 1.4 రావాలి. 2 వచ్చిందంటే సాఫ్ట్‌వేర్ దాన్ని కూడా ఫుల్ హైటుకి సాగదీసీసినట్టే, ఆ నార్మలైజ్ ఆప్షన్ తీసీయండి.

వేవ్‌లు ల్యాప్‌టాప్ నుంచి జనరేటర్‌కి పంపితే చివర్లో ఎర్రర్ క్వెరీ (తప్పులేమైనా ఉన్నాయా అని జనరేటర్‌ని అడిగే కమాండ్) కొట్టండి, నో ఎర్రర్ అని వచ్చేదాకా కొడతానే ఉండండి, ఎర్రర్లు లైన్లో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి మరి.

అన్నీ బాగుంటే బోర్డు కలిపి ట్రిగ్గర్ నొక్కండి. రిలే (బోర్డు మీద మోటార్‌ని ఆపే స్విచ్) కదల్లేదంటే 0.7ని 0.5 చేసి మళ్ళీ నొక్కండి, ఎంత పడితే పట్టుకుంటుందో అక్కడ తెలిసిపోద్ది.