ఒక చెట్టు చీమలన్నీ ఒకే తల్లి పిల్లలా?

[స్క్రీన్ మీద: మామిడి కొమ్మ, ఆకులు కలిపి కుట్టిన గూడు దగ్గరగా]

హన్మకొండలో మా ఇంటి వెనక మామిడి చెట్టు ఇది. దీని మీద ఎర్ర చీమల గూళ్లు పదకొండు లెక్కపెట్టాను. మా బాపు లెక్క ప్రకారం పదకొండు గూళ్లంటే పదకొండు రాణులు, అంటే గుడ్లు పెట్టే తల్లులు. పక్కింటి పెద్దమ్మేమో "చీమలన్నీ ఒక్క తల్లి పిల్లలే బిడ్డా" అంటుంది. ఇద్దరూ ఎంత గట్టిగా చెప్తారంటే, ఇక మాట్లాడటానికేం లేదన్నట్టు! నా టెన్షనంతా అక్కడే. గూడు కంటికి కనిపిస్తుంది, చుట్టరికం కనిపించదు. గూళ్లు లెక్కపెట్టి కుటుంబాలు తేల్చేస్తే ఎట్లా?

(అన్నట్టు, మన దగ్గర కనిపించే పెద్ద పెద్ద మట్టి పుట్టలు కట్టేది చీమలు కాదు, చెదలు. చీమలకూ చెదలకూ దగ్గరి చుట్టరికం కూడా లేదు. దీని మీద ఇంకో వీడియో చేస్తా, ఇప్పుడు మొదలుపెడితే ఆగను.)

ఈ చీమ పేరు ఈకోఫిల్లా స్మరాగ్డినా. ఇది నేత చీమ. కొన్ని చీమలు వరుసగా నిలబడి రెండు ఆకుల అంచులు దగ్గరికి లాగి పట్టుకుంటాయి. ఇంకో చీమ తమ పిల్ల పురుగును నోట కరుచుకుని, ఈ అంచుకోసారి ఆ అంచుకోసారి తాకిస్తుంది. పట్టు దారం వచ్చేది ఆ పిల్ల నుంచే. మగ్గం మీద నాడె అటూ ఇటూ పోయినట్టే. అందుకే నాకు వరంగల్‌లో జంపఖానాలు నేసే కొత్తవాడ గుర్తొస్తుంది. ఈ వీడియో మొత్తం జంపఖానాల మీదే నడుస్తుంది, ఓపిక పట్టండి.

[స్క్రీన్ మీద: చారల జంపఖానా]

జంపఖానా మీద ఒకచోట ఎరుపు-నలుపు, ఎరుపు-నలుపు అని ఒకే జత చారలు వరుసగా వచ్చాయనుకోండి. డీఎన్ఏలో కూడా అట్లాంటి చోట్లుంటాయి. సీఏ సీఏ సీఏ అని రెండక్షరాలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వీటిని మైక్రోశాటిలైట్లు అంటారు. ఒకే జత పదిహేను సార్లు నేయమంటే ఎంత చేయి తిరిగిన నేతగాడికైనా ఎక్కడో లెక్క తప్పుతుంది కదా? పద్నాలుగో, పదహారో అయిపోతుంది. కణం డీఎన్ఏను కాపీ చేసేటప్పుడూ అంతే, జారుతుంది. అందుకే ఈ చోట్లలో ఒక్కో వంశానికి ఒక్కో లెక్క. మనకు కావాల్సింది ఆ లెక్కే.

ఇప్పుడు అసలు మజా. ఆడ చీమకు ప్రతి జంపఖానా, అంటే డీఎన్ఏలో అట్లాంటి ప్రతి చోటు, రెండు కాపీలు, తల్లిదొకటి, తండ్రిదొకటి. మగ చీమకు ఒక్కటే. ఎందుకంటే అది ఫలదీకరణ జరగని గుడ్డు నుంచి పుడుతుంది. దానికి తండ్రే లేడు, కానీ తల్లి తరఫు తాత ఉన్నాడు. మీరే ఒకసారి ఆలోచించుకోండి.

తండ్రి దగ్గర ఉన్నదే ఒకటి కాబట్టి కూతుళ్లందరికీ అదే ఇస్తాడు. ఒక్కో జతను ఒక చార అని లెక్కపెడదాం. రాణి దగ్గర 12, 15 చారలవి రెండున్నాయి, మగ చీమ దగ్గర 9 చారలది ఉంది అనుకోండి. అప్పుడు కూతుళ్లు 9–12 కావాలి, లేదంటే 9–15. మూడో రకం రాదు. అందరిలోనూ 9 ఉండి తీరాలి.

మా చెట్టు మీద పనిచేసే చీమల్లో ఈ రెండు రకాలే దొరికాయనుకోండి, ఒక తల్లి, ఒక తండ్రి. 11–12, 11–15 కూడా దొరికాయా? అంటే తల్లి ఒక్కతే గానీ రెండో మగ చీమతోనూ జతకట్టింది. 14–18 వచ్చిందా? ఇంకో తల్లి ఉన్నట్టే.

ఇందులో నాకు బాగా నచ్చేదేంటంటే, రాణిని మనం చూడనే లేదు. మగ చీమైతే జతకట్టాక ఎంతో కాలం బతకదు. దాని వీర్యాన్ని రాణి కడుపులో ఏళ్ల తరబడి దాచుకుంటుంది. నేసినవాడు పోయినా అతని తొమ్మిది చారలు కూతురి కాలి ముక్కలో దొరుకుతాయి. నిజంగా కాలి ముక్క చాలు!

అయితే ఒక్క చోటు చూసి తేల్చొద్దు. ఇద్దరు మగ చీమలకూ 9 చారలే ఉంటే ఇద్దరూ ఒక్కడిలాగే కనిపిస్తారు. అందుకే పది పన్నెండు చోట్లు, ఇరవై చీమలైనా చూస్తారు. నాలుగు చీమలు పట్టుకుని "ఒకే తల్లి" అని రాసేవాళ్లను చూస్తే నాకు మా బాపే నయమనిపిస్తుంది.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తా. చీమల్ని 95 శాతం ఆల్కహాల్‌లో వేస్తారు, డీఎన్ఏ తీస్తారు, కావాల్సిన చోటును పీసీఆర్ అనే కాపీలు తీసే పద్ధతితో లక్షల కాపీలు చేస్తారు. తర్వాత సన్నటి గొట్టంలో పరుగెత్తిస్తే పొట్టి ముక్క ముందొస్తుంది, పొడుగుది వెనకొస్తుంది. 9 చారలకూ 12 చారలకూ తేడా మూడు జతలు, అంటే ఆరక్షరాలు, మెషిన్ పట్టేస్తుంది. ఈ మధ్య ఒక్కక్షరం తేడాలను, అంటే ఎస్ఎన్‌పీలను, వేలల్లో చూస్తున్నారు.

ఊళ్ల మధ్య పోల్చాలంటే మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) డీఎన్ఏ కూడా కావాలి, అది తల్లి నుంచే వస్తుంది. రెండు చోట్ల మైటోకాండ్రియా వేరువేరుగా ఉండి చారలు మాత్రం కలగలిసిపోతే, ఎగిరిపోయి కలుపుతున్నది మగ చీమలన్నమాట, ఆడవి పుట్టినచోటే ఉంటున్నాయి.

గూళ్లు వేరైనా కాలనీ ఒకటే కావచ్చు. అర్జెంటీనా చీమ అనే ఇంకో జాతి ఉంది, అవైతే ఇటలీ నుంచి స్పెయిన్ అట్లాంటిక్ తీరం దాకా 6000 కిలోమీటర్లు ఒకే మహా కాలనీ. 2002లో బయటపెట్టారు. ఆ చివరి చీమను తెచ్చి ఈ చివర వదిలినా కొట్టుకోవు.

మరి మా చెట్టు? ఈ జాతి చీమలు చాలాచోట్ల ఒక్క రాణితోనే డజన్ల కొద్దీ గూళ్లు, పక్క చెట్లతో సహా, నడిపిస్తాయి. కాబట్టి పెద్దమ్మ గెలిచే అవకాశమే ఎక్కువ. కానీ ఇదే జాతికి ఆస్ట్రేలియాలో డార్విన్ నగరం దగ్గర ఒక్కో కాలనీలో చాలామంది రాణులు కనిపించారు. అంటే బాపు కూడా పూర్తిగా ఓడిపోలేదు.

ఇదంతా చెప్తే బాపు అడిగిన ప్రశ్న, "సరే, రాణి ఏ గూట్లో ఉంది?" అది ఈ డీఎన్ఏ చారలు చెప్పవు. చెట్టెక్కి ఒక్కో గూడు విప్పి చూడాల్సిందే. నేనైతే ఎక్కను, పోయిన వేసవిలో ఒకసారి ఎక్కాను, చాలు.