పెండ్లికూతురికి మైకు ఎప్పుడిస్తారు?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ ఎండలో అనంతపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన తల్లిదండ్రులకు, పెండ్లి ఈడు పిల్లలకు నమస్కారం. వేదిక మీద పదకొండు మంది ఉన్నారు. ఒక్కొక్కరినీ పేరుపేరునా సంబోధించడం మర్యాదే గానీ, నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఆరు నిమిషాలు దానికే పోతాయి కాబట్టి పెద్దలు మన్నించాలి. ఆ మర్యాద వల్లనే నా పెండ్లి వేడుక చెడింది; అది కాసేపాగి చెబుతాను.

పురోహితుడు లేకుండా, వధూవరుల మనసుకు తగినట్టుగా పెండ్లిని ఎలా జరుపుకోవాలో చెప్పమన్నారు. టీచరుగా రిటైరయ్యాక ఇలాంటి పెండ్లిళ్లు కొన్ని జరిపించాను కాబట్టి నన్ను పిలిచి ఉంటారు. ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. పెండ్లి మంత్రాలను తెలుగులో రాసి, తానే పురోహితుడిగా నిలబడి పెండ్లిళ్లు చేయించిన త్రిపురనేని రామస్వామి చౌదరి గారు 1943లోనే వెళ్లిపోయారు. దండల పెండ్లి, స్టేజి పెండ్లి, ఆదర్శ వివాహం అనే మాటలు మనకు పాతవే. నా శిష్యురాలొకతె మెల్‌బోర్న్‌లో పెండ్లి చేసుకుంది. ఆస్ట్రేలియాలో 1973 నుంచి గుడితో, చర్చితో సంబంధం లేకుండా పెండ్లి జరిపించే సెలబ్రెంట్లను ప్రభుత్వమే నియమిస్తోంది. కనీసం నెల ముందు వాళ్లకు నోటీసు ఇవ్వాలి, చట్టం కోరిన రెండు మూడు వాక్యాలు తప్పకుండా పలకాలి, మిగిలినదంతా ఆ జంట ఇష్టం.

మన దగ్గర నాలాంటి వాళ్లకు అటువంటి అధికారం లేదు. ఈ మాట తల్లిదండ్రులు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం అబ్బాయి వైపుదో అమ్మాయి వైపుదో ఆచారవిధి జరిగి తీరాలి. ఆ విధి జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటే చూపిస్తే అది హిందూ వివాహం కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. దండలు మార్చుకుని, ఒకరినొకరు స్వీకరిస్తున్నామని చెబితే చాలుననే సవరణను తమిళనాడు 1967లో తెచ్చుకుంది గానీ అది మనకు వర్తించదు. కాబట్టి నేను జరిపించే పెండ్లికి అండ 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ముందుగా వివాహ అధికారికి నోటీసు ఇచ్చి ముప్పై రోజులు ఆగాలి, నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెండ్లి జరగాలి, ముగ్గురు సాక్షులుండాలి. పెండ్లి మీకు నచ్చిన ఏ పద్ధతిలోనైనా జరుపుకోవచ్చునని ఆ చట్టమే అంటుంది. అయితే ఒక షరతు పెట్టింది: అధికారి ముందు, సాక్షుల ముందు, తమకు అర్థమయ్యే భాషలో, నిన్ను భార్యగా స్వీకరిస్తున్నానని అతడూ, భర్తగా స్వీకరిస్తున్నానని ఆమె కూడా నోరు తెరిచి చెప్పాలి. ఇద్దరూ చెప్పాలి. నేను ఈ వాక్యం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆగిపోతాను.

1986 మే నెలలో ఒక హైస్కూలు ఆవరణలో మా పెండ్లి జరిగింది. మా సారు, అదే మా ఆయన, అదిగో ఆ స్తంభం పక్కన కూర్చున్నారు, తప్పు చెబితే దిద్దుతారు. కట్నం లేదు, బాజాలు లేవు, కాగితం దండలు కూడా వద్దని మా తమ్ముడు తెల్లవారుజామునే కనకాంబరాలు తెచ్చి కట్టించాడు. ఆదర్శ వివాహం కదా, వధూవరులిద్దరూ మాట్లాడాలని ముందే అనుకున్నాం. నేను నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకుని, మడిచి, గాజుల కింద దోపుకున్నాను. సభ పదింటికి మొదలైంది. అధ్యక్షుడు వేదిక మీది వారందరి పేర్లూ చదివాడు. తర్వాత ఒకాయన కులవ్యవస్థ మీద గంటసేపు, ఇంకొకాయన స్త్రీ స్వేచ్ఛ మీద అంతకంటే ఎక్కువసేపు మాట్లాడారు. నేను వింటూ కూర్చున్నాను. కనకాంబరాలు వాడిపోయి నా ఒడిలో రాలుతున్నాయి. మా సారు రెండు నిమిషాలు మాట్లాడారు. నేను లేచే లోపల వెనక నుంచి ఎవరో "టైమయిపాయ సామీ, అన్నాలు సల్లారిపోతాండాయి, ఆయమ్మ మాట్లాడేదేముందిలే" అన్నారు. అందరూ నవ్వారు. స్త్రీ స్వేచ్ఛ గురించి మాట్లాడినాయన కూడా నవ్వాడు. ఆ తర్వాత అదే మైకులో చదివింపులు చదివారు: ఫలానా వారు యాభై ఒక్క రూపాయలు, ఫలానా వారు స్టీలు బిందె.

లేపాక్షిలో కల్యాణ మండపం చూసే ఉంటారు. శివపార్వతుల పెండ్లికి వచ్చిన దేవతలూ మునులూ స్తంభాల మీద నిలబడే ఉన్నారు, మండపం మాత్రం పూర్తి కాలేదు. మా పెండ్లి ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఆ మండపమే గుర్తొస్తుంది.

ఇంతకీ ఆ కాగితంలో ఏముందని మీరు అడగాలి. బీఈడీ పూర్తి చేస్తానని ఒక వాక్యం. మా నాన్న లేరు కాబట్టి, ముసలితనంలో మా అమ్మ నా దగ్గరే ఉంటుందని ఇంకొకటి. మిగిలిన రెండూ మరిచిపోయాను. పదేళ్ల తర్వాత మా అమ్మ చేతిసంచితో మా ఇంటికి వచ్చినప్పుడు, మా అత్తగారు "ఈ మాట ముందే చెప్పింటే బాగుండు" అన్నారు. ఆమె తప్పేం లేదు, ఆమె నిజంగానే వినలేదు. రెండు వందల మంది ముందు పలకవలసిన మాటను ఆ తర్వాత వంటింట్లో ఏళ్ల తరబడి పలికాను.

అందుకే నా దగ్గరికి వచ్చే జంటను మొదట విడివిడిగా కూర్చోబెట్టి, ఎవరు ఎవరికి ఏం మాట ఇస్తున్నారో రాయమంటాను. డబ్బు గురించి, ఉద్యోగం గురించి, ఇద్దరి తల్లిదండ్రుల గురించి రాయమంటాను. "నిన్ను మహారాణిలా చూసుకుంటాను" అని రాస్తే కొట్టేస్తాను. ఆచారాలన్నీ తీసేయాలని నేను పట్టుపట్టను. ఒక పెండ్లిలో అమ్మాయి అవ్వ జీలకర్ర బెల్లం ఉండాల్సిందేనని, తానే రోట్లో నూరుకుని, తమలపాకులో పెట్టి తెచ్చింది. ఉంచాం. అదే పెండ్లిలో అమ్మాయి తల్లి భర్త పోయిన మనిషి. అలవాటు కొద్దీ వంటల వైపు వెళ్లి నిలబడింది. తొలి అక్షింతలు ఆమెవేనని మేము ముందే రాసుకున్నాం కాబట్టి పేరు పెట్టి పిలిచాను. ఆమె రాలేదు. రెండోసారి పిలిచాను. అల్లుడు వేదిక దిగి వెళ్లి చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమె చేతిలోని బియ్యం సగం దారిలోనే రాలిపోయాయి.

వేడుక ఎంతసేపు ఉండాలని అడుగుతారు. ఇరవై ఐదు నిమిషాలు, అందులో నా మాట ఐదు నిమిషాలు దాటకూడదు. జరిపించే మనిషి ఎక్కువ మాట్లాడితే పెండ్లివారి నోరు మూతపడుతుంది, నేనిప్పుడు చేస్తున్నట్టే. అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఒక్క మనవి: ముహూర్తానికి రెండు రోజుల ముందు రావద్దండి, నోటీసు ఇవ్వకముందే రండి. నాకు శాలువా వద్దు. ఆ మూడో వరుసలో పచ్చ చున్నీ వేసుకున్న అమ్మాయి ఇందాకటి నుంచి చేయి ఎత్తుతూ దించుతూ ఉంది, ముందు ఆ మైకు ఆమెకు అందించండి.